పాత పటముల వెలుగు

మన గ్రంథాలయపు చదువు గదిలో గోడలకు వ్రేలాడు పటములను చూడని చందాదారు డుండడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందలి పాత యిండ్ల పడసాలలలోను అట్టి పటములే కానవచ్చును. తలపాగ చుట్టి, చేతికఱ్ఱ పట్టి, కుర్చీలో నిటారుగ కూర్చున్న పెద్దలు. ప్రక్కన నిలిచి కుర్చీ వీపుపై చేయి వేసిన యిల్లాండ్రు. కాటుక దిద్దిన కన్నులతో బెదరి చూచు పసిబిడ్డలు. చూచువారు ఆ ముఖములను గుర్తుపట్టి, వీరు ఫలానివారి తాత, వారు ఫలానివారి అవ్వ యని చెప్పుకొందురు. కాని ఆ ముఖములపై బడిన వెలుగు ఎటునుండి వచ్చినదని అడుగువారు అరుదు. ఆ వెలుగు తనంత తాను పడినది గాదు. ఒక పనివాడు దానిని అచ్చట నిలిపినాడు. అతని పేరు పటము వెనుక వ్రాయబడి యుండకపోవచ్చును. అతని విద్య మాత్రము పటము ముందరనే యున్నది.

ఆ విద్యను మరల సంపాదించుట కొక మార్గము కలదు. పాత పటము నెదుట నుంచుకొని, బ్రతికియున్న మనిషిని అదే రీతిగ కూర్చుండబెట్టి, అదే వెలుగు ఆ ముఖముపై పడువరకు దీపమును జరుపుచు పోవుటయే ఆ మార్గము. ఇది పిల్లల ఆటవలె తోచవచ్చును. దీని వెనుక నున్న చరిత్రను చూచినచో అట్లు తోచదు.

ఆంగ్లమున ఫొటోగ్రాఫు అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. వెలుగుతో వ్రాసినది యని దాని యర్థము. మనవారు దానిని ఛాయాచిత్రమనిరి. ఛాయ యనగా నీడయు నగును, కాంతియు నగును. వెలుగొక్కటే యున్నచో ముఖము తెల్లకాగితము. నీడ యొక్కటే యున్నచో మసిబొగ్గు. రెంటి పొత్తుచేతనే ముక్కు ముక్కుగ, చెక్కిలి చెక్కిలిగ తెలియవచ్చును. ఈ రెంటిని చెప్పు మాటనే మనవారు ఎన్నుకొనుట ఎంతయు తగియున్నది.

1839వ సంవత్సరమున పారిసు నగరములో డాగేరు కనిపెట్టిన విధానము లోకమునకు వెల్లడియయ్యెను. మరుసటి యేటికే ఆ పరికరములు కలకత్తాకు చేరినవి. 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు మదరాసున చిత్రకళాశాల నొకటి స్థాపించెను. తరువాతి కాలమున అందు ఛాయాచిత్రణమును గూడ నేర్పిరి. 1851లో ఆర్చరు అను ఆంగ్లేయుడు గాజుపలకపై మందు పూసి చిత్రము తీయు తడిపలక పద్ధతిని ప్రకటించెను. మందు తడి యారకముందే చిత్రము తీయవలెను, తడి యారకముందే దానిని కడుగవలెను. 1871లో మాడాక్సు పొడిపలక పద్ధతిని కనుగొనిన పిమ్మట ఈ తొందర తగ్గినది.

ఆ రోజులలో స్టూడియోలకు విద్యుద్దీపములు లేవు. పలకకు చాలినంత వెలుగు కావలయునన్న ఆకాశమునే అడుగవలెను. కావున స్టూడియోకు ఉత్తరపు వైపున పైకప్పులో కొంత భాగమును, గోడను గాజుతో కట్టుచుండిరి. ఉత్తరమునుండి వచ్చునది నేరుగ పడు ఎండ గాదు, ఆకాశపు వెలుగు. అది మెత్తనిది, దినములో పెద్దగ మారనిది. మన సీమలో మాత్రము మే నెల మొదలు ఆగస్టు తొలి వారములవరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొంత ఉత్తరమునకు ఒరుగును. అప్పుడు గాజు క్రింద తెల్లని గుడ్డతెరలను లాగి ఎండను వడగట్టవలసినదే. తెరను ఇటు లాగిన వెలుగు ప్రక్కనుండి వచ్చును, అటు లాగిన పైనుండి వచ్చును. ఆనాటి పనివానికి తెరతాళ్లే దీపములు.

కూర్చున్నవారు కొన్ని క్షణముల పాటు కదలరాదు. కదలినచో ముఖము చెదరిపోవును. అందుకై తల వెనుక కానరాకుండ ఒక యినుప ఊత నిలుపుచుండిరి. చేయి కుర్చీమీదనో బల్లమీదనో ఆనించుటయు ఇందులకే. పాత పటములలో పెద్దలు నవ్వకుండుట కేవలము గాంభీర్యమునకే గాదు. నవ్వును అంతసేపు నిలుపుట యెవరికిని సాధ్యము గాదు.

తెలుగునాట ఈ విద్యకు గొప్ప పీఠము హైదరాబాదు రాజ్యము. 1844లో మీరటు సమీపమున సర్ధానాలో జన్మించిన లాలా దీన్ దయాళ్, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువు చేసి, పిదప సికిందరాబాదున స్టూడియో స్థాపించెను. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ ఆయనకు రాజా బిరుదమిచ్చెను. 1892లో ఆయన హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగ నొక స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించెను. 1905లో ఆయన గతించెను. ఆయన గాజుపలకలు రెండువేల ఎనిమిది వందలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. పలకలు నిలిచినవి గనుక నేటి విద్యార్థి వాటిని చూచి ఆ తెరలు ఎటు లాగబడినవో ఊహింపగలుగుచున్నాడు. పలకలు పోయిన పనివాండ్ర విద్య పలకలతోనే పోయినది.

తరువాత విద్యుత్తు వచ్చినది. గాజుకప్పులు మూతపడి, పట్టణపు స్టూడియో నాలుగు గోడల చీకటిగది యైనది. తోటయో, మేడమెట్లో వ్రాసిన తెర, పూలకుండి, గోడకు అద్దము, దువ్వెన, పౌడరుడబ్బా, వచ్చినవారికి తొడిగించుటకు ఒక కోటు. వీని నడుమ రెండుమూడు పెద్ద బల్బులు. ఒక దీపము ప్రధానము. అది ముఖమును తీర్చును. రెండవది బలహీనము, అది నీడలను కొంత కరగించును. మూడవది వెనుకనుండి జుట్టు అంచులను మెఱయించి, మనిషిని తెరనుండి వేఱుచేయును. లోకమంతట స్టూడియోల లెక్క ఇంతమాత్రమే. అయినను ఈ మూటితో కూడికలు తీసివేతలు చేయుటలో పనివాని చేయి తెలిసిపోవును.

పాత దస్తరము చదువ నేర్చినవాడు అక్షరపు వంపును బట్టి వ్రాసిన చేతిని గుర్తుపట్టినట్లు, పాత పటమును చదువ నేర్చినవాడు దీపమెచ్చట నుండెనో చెప్పగలడు. మొదట కనుపాపలను చూడవలెను. అందొక తెల్లని చుక్క మెఱయుచుండును. అది దీపపు ప్రతిబింబము. చుక్క కుడివైపు పైన నున్నచో దీపము చూచువారికి కుడివైపున ఎత్తుగ నున్నదని యర్థము. చుక్క చదరముగ నున్నచో అది గాజుకప్పో కిటికీయో కావచ్చును. గుండ్రముగ నున్నచో గిన్నె తొడిగిన బల్బు. తరువాత ముక్కు నీడను చూడవలెను. నీడ తిన్నగ క్రిందికి దిగినచో దీపము ఎదుట ఎత్తున నున్నది; ప్రక్కకు వాలినచో దీపము రెండవ ప్రక్కన నున్నది. అటుపిమ్మట నీడ అంచు. అంచు కత్తితో కోసినట్లున్న దీపము చిన్నది. మంచువలె కరగినచో వెలుగువచ్చు చోటు విశాలమైనది.

ఇచ్చట నొక జాగ్రత్త అవసరము. ఆనాటి స్టూడియోలలో నెగెటివుపై సన్నని పెన్సిలుతో ముడుతలు మాన్పుట, కంటి చుక్క దిద్దుట వాడుకగ నుండెను. కావున కంటిచుక్క నొక్కదానినే నమ్మరాదు. ముక్కు నీడ, గడ్డము క్రింది నీడ, కుర్చీకోడు నీడ, ఇవి మూడును చుక్కతో సరిపోవలెను. జమకు ఖర్చు సరిపోనప్పుడు ఎచ్చటనో దిద్దుబాటు కలదని తెలిసికొనవలెను.

వెలుగు ప్రక్కనుండి వచ్చుటకు, పైనుండి వచ్చుటకు భేదమేమో తెలియగోరువారు జమ్మలమడుగు దాటి గండికోటకు పోయి, మాధవరాయస్వామి యాలయమున ఎండ తగులు శిల్పములను రెండుమార్లు చూడవలెను. ఉదయమున ఏటవాలు ఎండలో ప్రతి మడత, ప్రతి నగ విడివిడిగ లేచి నిలుచును. మధ్యాహ్నము నడినెత్తి ఎండలో కన్నులు నీడలో మునిగి అవే ముఖములు వేఱుగ కనబడును. రాయి మారలేదు, వెలుగు మారినది.

పాతదానిని చూచి మరల చేయుట విద్యయా, లేక వట్టి అనుకరణమా యను సందేహము కలుగవచ్చును. దీనికి మన జిల్లా చరిత్రయే సమాధానము చెప్పగలదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, పిదప అచ్చట బంగళా కొని, తన సొంత సొమ్ముతో పండితులను లేఖకులను నియమించి, తెలుగు కావ్యముల తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. పోల్చి వ్రాయుటలోనే ఏ పాఠము మూలమో, ఏది లేఖకుని పొరపాటో తేటపడినది. శుద్ధప్రతి వ్రాసితిమి గదా యని మూలములను పొయ్యిలో వేయలేదు. ఆయన కూర్చిన ప్రతులు తుదకు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు చేరి లోకమునకు ఉపయోగపడినవి.

ఐరోపాలోను ఇట్టి నిదర్శనము కలదు. ముఖముపై వెలుగునీడలను చిత్రించుటలో మేటియని పేరుగొన్న హాలెండు దేశపు రెంబ్రాంటు (1606-1669) తన యేబదియవ యేటి ప్రాంతమున మొగలాయి చిత్రములను ముందుంచుకొని వానిని చూచి చిత్రములు గీసెను. అట్టివి ఇరువదికి పైగా నేటికిని కలవు. అంతటి చేయి తిరిగినవాడు పరదేశపు చిత్రములకు నకళ్లు వ్రాయుటకు సిగ్గుపడలేదు. దీపమును ప్రక్కన ఎత్తున నుంచగా, నీడపడిన చెక్కిలిపై ముక్కోణపు ఆకారమున చిన్న వెలుగుముక్క మిగులు పద్ధతిని నేటికిని ఫొటోగ్రాఫర్లు ఆయన పేరిటనే పిలుచుచున్నారు.

ఇక మన సీమవారు ఈ విద్యకు చేసిన సేవ చెప్పుకొనదగినది. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి. ఎన్. రెడ్డి, ఆయన తమ్ములు నాగిరెడ్డి, కొండారెడ్డి మదరాసున చలనచిత్రరంగమున నిలిచిరి. బి. ఎన్. రెడ్డి 1951లో తీసిన మల్లీశ్వరికి ఆది ఇరానీతో గూడి ఛాయాగ్రహణము నిర్వహించినవాడు కొండారెడ్డి. నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థను నడపి, 1951లో పాతాళభైరవిని, 1955లో మిస్సమ్మను, 1957లో మాయాబజారును వెలువరించెను. ఈ మూటికిని కెమెరా పట్టినవాడు మార్కస్ బార్ట్‌లే అను ఆంగ్లో ఇండియను. మాయాబజారులో నౌకావిహారపు పాటలో చూచువారు మురిసిన వెన్నెల చంద్రుడిచ్చినది గాదు. బార్ట్‌లే తన నేర్పుచే కల్పించినది. అన్నకు 1974వ సంవత్సరపు, తమ్మునికి 1986వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారములు లభించినవి. నేలబావులు, సద్ద చేలు గల పులివెందుల సీమనుండి పోయిన సోదరులు తెలుగువారి ముఖములపై వెలుగు నిలుపు పనికి ఇల్లు కట్టిరనుట మనకు గర్వకారణము.

ఆ వెలుగును మరల చేయవలసిన అక్కర అరువదియేండ్ల తరువాత కలిగినది. నటి సావిత్రి జీవితముపై నాగ్ అశ్విన్ దర్శకత్వమున వెలువడిన మహానటి 2018 మే 9న విడుదలయ్యెను. అందు మాయాబజారులోని అహ నా పెళ్ళియంట పాటఘట్టమును మరల చిత్రించిరి. ఛాయాగ్రాహకుడు స్పెయిను దేశమునకు చెందిన డాని సాంచెజ్ లోపెజ్. సావిత్రి పాత్ర ధరించిన కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించినది. నగలు, చీర, జడ పాతవానివలె చేయించుట దర్జీకి, కంసాలికి సాధ్యము. కాని వెలుగు వేఱుగ పడినచో చూచువారికి ఆ ముఖము సావిత్రి ముఖమని తోచదు. దీపమును సరిగ నిలుపుటకు పాత చిత్రమే గురువు, పాత చిత్రమే పరీక్షాధికారి.

2010లో మాయాబజారునకు కంప్యూటరు సాయమున రంగులు వేసి విడుదల చేసినప్పుడును ఈ సత్యమే రుజువైనది. చీరకు రంగు వేసిరి, నగలకు పసిమి వేసిరి. కాని చెక్కిలిపై వెలుగెచ్చట ముగిసి నీడ యెచ్చట మొదలగునో అది 1957లో బార్ట్‌లే నిర్ణయించినదే. రంగు పైపూత, వెలుగు ఎముక.

పొరుగున కర్ణాటకమునను ఈ పద్ధతి నవలంబించినవారు కలరు. బెంగుళూరు కళాకారిణి పుష్పమాల, క్లేర్ ఆర్నీతో గూడి 2000 మొదలు 2004 వరకు దక్షిణభారత స్త్రీల పాత ఛాయాచిత్రములను, రవివర్మ చిత్రములను, చలనచిత్ర దృశ్యములను తానే పాత్రధారిణియై మరల తీయించెను. పందొమ్మిదవ శతాబ్దిలో గళ్ల తెర ముందు నిలువబెట్టి కొలతలకై తీసిన తోడా స్త్రీ పటమును గూడ ఆమె వదలలేదు. ఆ చోట తాను నిలిచినప్పుడు, ఆ నాటి వెలుగు మనిషిని గౌరవించుటకు గాక వస్తువుగ కొలుచుటకే వేయబడినదని చూచువారికి స్ఫురించును. 2020లో మదరాసు ఫొటోగ్రాఫరు జి. వెంకట్రామ్ ఒక ధర్మసంస్థ క్యాలెండరునకై సినీ నటీమణులతో రవివర్మ చిత్రములను మరల రూపొందించెను. మరల చేయుటవలన వెలుగు ఎట్లు పడినదో తెలియుటయే గాక, ఎందుకు అట్లు పడినదో గూడ తెలియును.

ఈ విద్యకు ధనమక్కరలేదు. ఒక కిటికీయో, ఒక బల్బో. నీడవైపు వెలుగును తిరిగి చల్లుటకు ఒక తెల్లపంచె. వెనుక వేయుటకు ఒక నల్లకంబళి. నేర్చువాడు సాధారణముగ చేయు మొదటి తప్పు దీపములు ఎక్కువ పెట్టుట. ఒక్క దీపముతో ముక్కు నీడ సరిపోవువరకు రెండవదానిని వెలిగింపరాదు. రెండవ తప్పు దూరమును లెక్కింపకపోవుట. చిన్న దీపమును మూడడుగుల నుండి ఆరడుగులకు జరిపినచో వెలుగు సగము గాదు, నాలుగవ వంతగును. మూడవ తప్పు ముఖమును మరచుట. పాత పటములోని తాతది కోలముఖమై, ఎదుట కూర్చున్న మనుమనిది గుండ్రని ముఖమైనచో, దీపము అదే చోట నున్నను నీడ అట్లే పడదు. అప్పుడు దీపమును కొంచెము ప్రక్కకు జరుపవలెను. ఎంత జరుపవలెనో తెలిసిననాడు విద్య పట్టువడినట్లు. అంతవరకు చేసినది నకలు. అటుపై చేయునది సొంతము.

ఇక ముఖ్యమైన విషయము. నేడు పాత పటము వెలిసినదని చెప్పి, దానిని కంప్యూటరునకిచ్చి క్రొత్తగ చేయించు వాడుక ప్రబలినది. యంత్రము తెలియనిచోట ఊహించును. నీడలు తుడిచివేయును, చర్మము నున్న చేయును, కన్నులు పెద్దవి చేయును. ఇంటికి వచ్చునది చక్కని పటమే. అందలి ముఖము మాత్రము తాతది గాదు, ఎవరిదియు గాదు. క్రొత్త పటము వచ్చినది గదా యని పాతదానిని అటుకెక్కించిన కుటుంబములును కలవు. చెదలకు, తేమకు ఆ పిమ్మట అడ్డు లేదు. ఒక వంశమునకు అవ్వ ముఖము ప్రపంచములో ఒకేయొక కాగితముపై నుండవచ్చును. అది పోయినచో ఆమె రెండవమారు గతించినట్లే. ఆ వెలుగును నిలిపిన పనివాడును ఆమెతో కూడ పోవును.

కావున మరల చేయుట యనునది బ్రతికియున్నవారి ముఖముపై చేయవలెను. గతించినవారి పటముపై చేయరాదు. మనుమరాలిని అవ్వవలె కూర్చుండబెట్టి ఆ వెలుగును నేర్చుకొనుట వినయము. అవ్వ పటమునే దిద్దుట సాహసము. బ్రౌనుదొర లేఖకులు క్రొత్త కాగితముపై వ్రాసిరి గాని తాటాకుపై గీతలు గీయలేదు.

పాత పటమును కాపాడుటకు గొప్ప యేర్పాట్లు వలదు. ఎండ తగులు గోడకు వ్రేలాడదీయరాదు. చిత్రము గాజునకు అంటుకొనియున్నచో లాగరాదు, అట్లే యుండనీయవలెను. ఇరుప్రక్కల నుండి రెండు దీపములు సమానముగ ఏటవాలుగ వేసి, గాజుపై మెఱపు పడకుండ దానికి ఒక ఫొటో తీసి భద్రపఱుపవలెను. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, తెలిసినచో సంవత్సరము వ్రాయవలెను; కలముతో వ్రాసినచో సిరా ముందరికి దిగును.

గ్రంథాలయము పుస్తకములకు మాత్రమే యిల్లని తలంపరాదు. కైఫీయతులు, దస్తరములు, తాటాకులు చరిత్రయైనట్లే పడసాల పటములును చరిత్రయే. ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, గ్రామమందలి ప్రతి కుటుంబము తమ యింటి పాత పటమునకు ఒక నకలు తీయించి, పేరు ఊరు వ్రాసి, గ్రంథాలయమునకు ఇచ్చినచో, మూలము ఇంటనే యుండును, జాడ ఊరికి దక్కును. రేపు ఒక పడుచువాడు ఒక దీపము, ఒక తెల్లపంచె పట్టుకొని ఈ విద్య నేర్వ వచ్చినప్పుడు, వానికి గురువుల కొఱత యుండదు. గోడనిండ వారే యుందురు.